తూర్పు బురుజు

ఫిబ్రవరి 8, 1981. ఆదివారం

కోకిలకు మూడో నెల. నేను తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు వచ్చి ఈ మాట చెప్పగానే నాయన దేవుడి పటం ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. అమ్మ ఉండి ఉంటే అనుకొని ఉంటాడు. అమ్మ పోయేనాటికి కోకిల పలక పట్టుకొని బడికి పోయేది. జడ వేసి పంపింది నేను. ఇప్పుడు దాని కడుపున బిడ్డ.

కోకిల భర్త దండపాణి గారు స్టేషను దాకా వచ్చి నన్ను రైలెక్కించారు. దారి పొడుగునా ఎవరో ఒకరు నమస్కారం పెడుతూనే ఉన్నారు. కొండ కింద ఆయన ఫోటో స్టూడియో తెలియని వాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆదివారాల్లో మద్రాసు నుంచి వచ్చే వాళ్ళను కోటకొండకు పిలుచుకొని పోయి పాళెగాడి కోట చూపిస్తారు. అరవం వాళ్ళకు అరవంలో, దొరబిడ్డలకు ఇంగ్లీషులో కథలు చెబుతారు. అంతా చూసి వెళ్ళారు, మీరొక్కరే మిగిలారు వదినా అన్నారు.

రెండో పెళ్ళివాడికి పిల్లనిచ్చారని మా వీధిలో గొణిగినవాళ్ళు ఇప్పుడు వచ్చి కోకిలను చూడాలి. మొదటి భార్య కామెర్లతో పోతే అది ఆయన తప్పా?

కోకిల కొంచెం చిక్కింది. వేవిళ్ళు.

ఆయన మొదట చూడవచ్చింది నన్ను. కాఫీ ఇచ్చింది నేను. చెల్లెలయితే సరేనని తరువాత కబురు పంపారు. నాకేం బాధ లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం ఉంది. నాయన ఉన్నాడు. ఇదంతా ఇక్కడ ఎందుకు రాస్తున్నానో.

ఫిబ్రవరి 13

మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా తిరుత్తణి లైను ఖాళీ దొరికింది. స్టూడియోకి కలిపాను. కోకిలే తీసింది. బాగున్నావా అంటే బాగుండా అంది. వాంతులు తగ్గాయా అంటే తగ్గినాయి అంది. పాఠం అప్పజెప్పినట్టు ఉంది. పక్కన ఎవరైనా ఉన్నారా అన్నాను. లేరు అంది. కానీ ఊపిరి వినబడుతోంది. హెడ్‌సెట్టు పెట్టుకొని ఇన్నేళ్ళు బతికిన దాన్ని, ఒక మనిషి ఊపిరికీ ఇద్దరి ఊపిరికీ తేడా నాకు తెలుస్తుంది.

స్టూడియో కదా. గిరాకీ వచ్చి ఉంటారు.

ఫిబ్రవరి 14

నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 24

దండపాణి గారే ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం మద్రాసు వాళ్ళెవరినీ ఒప్పుకోలేదట. వదిన కోసమే కోట చూపిస్తానన్నారు. నీలం చీర ఉతికి ఆరేశాను.

మార్చి 1. ఆదివారం

కోట చూసి వచ్చాను. అరికాళ్ళు మండుతున్నాయి. జరిగింది జరిగినట్టు రాస్తే మనసు కుదుటపడుతుందేమో.

ముగ్గురం పళ్ళిపట్టు బస్సెక్కి కొండ కింద దిగాం. చింతచెట్ల నీడలో కుప్పమ్మ అనే ముసలామె మజ్జిగ అమ్ముతోంది. దండపాణి గారిని చూడగానే లేచి కుండ ఎత్తుకొని అవతలి చెట్టు కిందికి పోయింది. ఎండ పడుతోందేమో అనుకున్నాను.

కడుపుతో ఉన్న పిల్ల కొండెక్కకూడదని నేనన్నాను. ఈ కాలంలో అవన్నీ ఎవరు చూస్తారు వదినా అని ఆయన నవ్వారు. కోకిల నా వైపు చూడలేదు. మొదటి వాకిలి దాటామో లేదో దానికి కళ్ళు తిరిగాయి. చిన్నప్పటి నుంచీ అంతే, మిద్దె మెట్లయినా గోడ పట్టుకొని ఎక్కుతుంది. అక్కడి మండపంలో కూర్చోబెట్టాం. ఆయన కోప్పడలేదు. ఒక్క మాటా అనకుండా దాన్ని కాసేపు చూశారు. తరువాత టిఫిను క్యారియరు దాని పక్కన పెట్టి, "పదండి వదినా" అన్నారు.

కోట మీద ఆయన గొంతే వేరు. ఇంట్లో ఆ మనిషి మాట వినాలంటే చెవి ఒగ్గాలి. ఇక్కడ రాళ్ళు తిరిగి పలుకుతాయి. గుర్రాల లాయం చూపించారు. ధాన్యం కొట్టు, నెయ్యి నిలవ చేసిన గొయ్యి, ఫిరంగి గుండు తగిలి పగిలిన గోడ చూపించారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయనకు బాగా తెలుసు. నేను నోరు తెరుచుకొని విన్నాను. రాయడానికి సిగ్గుపడను, సంతోషంగానే ఉంది. నన్ను ఒక్కదాన్ని నిలబెట్టి ఎవరైనా అంతసేపు మాట్లాడింది ఎప్పుడు?

చివర తూర్పు బురుజు. పిట్టగోడ కూలిపోయింది. అంచున నిలబడితే కింద బండలు, బండల మధ్య ముళ్ళపొదలు. గాలి చీరను లాగుతోంది.

అక్కడ చెప్పారు చిన్న రాణి కథ. చివరి పాళెగాడి రెండో భార్య పుట్టింటికి పోతానని రోజూ ఏడ్చేదట. పంపితే పరువు పోతుంది, పంపకపోతే ఏడుపు ఆగదు. అప్పుడు రాజు ఏం చేసినాడు అని అడిగి ఆయన ఆగారు. వచ్చిన వాళ్ళందరి దగ్గరా అలాగే ఆగుతారు కాబోలు. ఒక సాయంత్రం రాజు ఆమెను పిలిచి, రా, మీ ఊరు చూపిస్తా అన్నాడట. ఈ బురుజు మీదికి తెచ్చాడట. ఆమె ముందుకు వంగి చూసిందట.

"పడేటప్పుడు ఆమె అరవలేదు వదినా. మెట్టెలు రాతి మీద గీసుకున్న చప్పుడు, అంతే. ఆ చప్పుడు చచ్చిందాకా రాజు చెవిలో ఉండిందంట."

అదంతా ఎవరు చూసి చెప్పారు అన్నాను. కథ గదా అని నవ్వారు.

ఆ తరువాత తిరువళ్ళూరు ఆ పక్కే, చూడండి అని చెయ్యి చాపి చూపించారు. నేను అంచు దాకా వెళ్ళి చూశాను. ఎండకు తెల్లబడిన పొలాలు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన నా మోచేతి కింద చెయ్యి వేశారు. పడతానేమోనని పట్టుకున్నారు. నేను జంకకుండా తిరిగి చూశాను. ఆయన చెయ్యి తీశారు.

"మీకు భయం లేదు వదినా. పెళ్ళిచూపుల దినమే కనిపెట్టినా. అందుకే వద్దనుకున్నా."

మెచ్చుకున్నారనుకొని నవ్వాను.

దిగేటప్పుడు కోకిలను చెయ్యి పట్టుకొని ఆయన ముందు నడిచారు. నేను వెనకబడ్డాను. చింతచెట్ల దగ్గర దాహమేసి మజ్జిగ అడిగాను. కుప్పమ్మ లోటా ఇస్తూ, ఆయన ఎంత దూరం పోయాడో చూసుకొని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ బిడ్డ నీకేమవుతుంది?"

"చెల్లెలు."

"పావం. కడుపుతో ఉండాదే. ముందరి పెండ్లామును కూడా ఈడికే పిలుచుకొచ్చినాడు. పైకి నడిచి పోయింది. కిందికి మేము మోసుకొచ్చినాం."

నేను మజ్జిగ తాగి లోటా ఇచ్చేశాను.

మార్చి 2

ముసలిది. ఎవరిని చూసి ఎవరనుకుందో.

మార్చి 3

కామెర్లని పెళ్ళికి ముందు నాయనతో చెప్పినప్పుడు నేను తలుపు చాటున ఉన్నాను. దండపాణి గారే చెప్పారు. కళ్ళు పచ్చబడిపోయాయన్నారు. అలా చెప్పిన మనిషి ఎందుకు అబద్ధమాడతాడు?

మార్చి 4

ఏమీ లేదు. ట్రంకు లైను పాడయింది.

మార్చి 6

నా మనసులోనే ఏదో పురుగు ఉందేమో. నన్ను వద్దన్న మనిషి కాబట్టి ఆయన చెడ్డవాడు కావాలని నాకు ఉందేమో. అలా అయితే అది నా జబ్బు, ఆయన తప్పు కాదు. సాయంత్రం వీరరాఘవస్వామి గుడికి వెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా దేవుడు. కళ్ళు మూసుకుంటే చెవిలో మెట్టెల చప్పుడు.

మార్చి 8. ఆదివారం

నాయనకు సినిమాకని చెప్పి వెంగల్ వెళ్ళాను. మొదటి భార్య ధనకోటిది ఆ ఊరని కోకిల ఒకసారి మాటల్లో అంది. తండ్రి పేరు శివరామయ్య. ఇల్లు వెతుక్కోవలసిన పని పడలేదు. పొలం గట్టున నారు కట్టలు కడుతున్నాడు. నేనెవరో చెప్పాను. చేతులు కడుక్కొని వచ్చి గట్టు మీద నాకు దూరంగా కూర్చున్నాడు. కామెర్లు ఎప్పుడు వచ్చాయి అని అడిగాను.

"కామెర్లా? నా బిడ్డ కొండ మీద నుంచి పడిందమ్మా."

అల్లుడు చెప్పిందేమిటంటే, ఆ రోజు మద్రాసు వాళ్ళకు మొదటి వాకిలి దగ్గర కథ చెబుతున్నాడట. ధనకోటి ఒక్కతే పైకి పోయి కాలు జారిందట. పోలీసుల దగ్గర కూడా అదే చెప్పాడు. ఈయన వేలిముద్ర వేశాడు. అందరికంటే అల్లుడే ఎక్కువ ఏడ్చాడు, మేమే ఓదార్చినాం అన్నాడు.

"అటక మీది కుండ దించాలన్నా నన్నే పిలిచే బిడ్డ. ఒక్కతే ఆడికి ఏం చూడను పోయింది? ఇది అప్పుడే అడగాల్సిన మాట. నోరు రాలేదు."

ఆమె పుట్టింటికి వస్తానని అడిగేదా అన్నాను. వచ్చిన ప్రతిసారీ తిరిగి పోనని ఏడ్చేదట. వీళ్ళే సర్ది చెప్పి పంపేవాళ్ళట.

బస్సులో నా పక్కన కూర్చున్నామె, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మార్చి 10

సెలవు పెట్టి తిరుత్తణి వెళ్ళాను. దండపాణి చీకటి గదిలో ఫోటోలు కడుగుతున్నాడు. వెనక వంటింట్లో కోకిలకు కుప్పమ్మ మాట, శివరామయ్య మాట అన్నీ చెప్పాను. అది బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"ఆయన నిన్ను చేసుకొని ఉంటే వెంగల్ పోయి ఉంటావా అక్కా?"

చేటలోని రాళ్ళు నేనూ ఏరసాగాను. పోయేదాన్నో కాదో ఇప్పుడు రాస్తూ కూడా తెలియడం లేదు.

అప్పుడు ఏడ్చింది. ఆయన కొట్టరట, తిట్టరట. కొండ మీద కూలబడిన రోజు నుంచి దానితో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటారు. దీపం ఆర్పి పడుకుంటారు. ఇంట్లో మనిషి ఉన్నట్టే చూడరు. గాజులు వేయించుకోవడానికి పుట్టింటికి పోతానని ఒకసారి అడిగిందట. అప్పటి నుంచి ఇంకా బిగుసుకుపోయారట. నాతో వచ్చెయ్యి, ఇప్పుడే పోదాం అన్నాను. ఆయన మాట్లాడకుండా ఉండగా పోతే ఇక ఎప్పటికీ మాట్లాడరు అంది.

చీకటి గది తలుపు తెరుచుకుంది. వదినా, ఎప్పుడు వచ్చినారు, భోంచేసి పోండి అన్నాడు. చేతుల నుంచి మందు నీళ్ళు కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి తలుపు వెనక ఉన్నాడో.

మార్చి 11

నాయనకు చెప్పాను. నాయన పేరు వరదరాజులు. ఊళ్ళో పంచాయతీలకు పిలుస్తారు. ఎవరి తగాదా అయినా ఇట్టే తేలుస్తాడు. నా మాట విని, అమ్మా కాంచనా, ఒక ముసలిదాని మాట పట్టుకొని కాపురం కూలుస్తామా అన్నాడు. ఆ తరువాత అన్నం తినలేదు.

మార్చి 16

ఏమీ లేదు.

మార్చి 19

స్టూడియో నుంచి ఫోన్. కోకిల. గొంతులో సంతోషం. అదే నన్ను భయపెట్టింది.

ఆయన మాట్లాడారట. ఆదివారం కోట మీదికి పోదాం, మనమిద్దరమే, వదిన చూసింది నువ్వు చూడొద్దా అన్నారట. మెల్లగా చెయ్యి పట్టుకొని ఎక్కిస్తారట. పుట్టింటికి పోవాలని గదా నీ ఆశ, బురుజు మీద నుంచి మీ ఊరు చూపిస్తా అన్నారట.

పోవద్దే అన్నాను. లైనులో ఊపిరి. ఎవరిదో తెలియలేదు. పెట్టేసింది.

నాయన దగ్గరికి నడిచి వచ్చాను. ఆ మాటా, చిన్న రాణి కథా ఆయనకు చెప్పాను. పాళెగాడి కథలోని మాటే నాయనా, అక్షరం కూడా మారలేదు అన్నాను. నాయన చొక్కా వేసుకొని, వెంగల్ బస్సు ఎన్ని గంటలకు అని అడిగాడు.

మార్చి 22. ఆదివారం

అందరం ఇంట్లో ఉన్నాం. కోకిల లోపల పడుకుంది. రాస్తాను.

ముందే వచ్చెయ్యమని నిన్న ఫోన్‌లో చెప్పినా కోకిల వినలేదు. నాయన, శివరామయ్య, నేను మొదటి రైలుకే పోయినా పళ్ళిపట్టు బస్సు ఆలస్యమయింది. కొండ కింద కుప్పమ్మ మమ్మల్ని చూసి ఏమీ అడగకుండా పైకి చెయ్యి చూపించింది. ఎక్కాం. ముసలివాళ్ళిద్దరూ ఒక్కచోట కూడా ఆగలేదు. మండపం ఖాళీ. లాయం ఖాళీ. నెయ్యి గొయ్యి దగ్గర కోకిల చెప్పులు కనబడ్డాయి. పక్కపక్కన సర్ది పెట్టి ఉన్నాయి. వాటిని దాటి పరుగెత్తాను.

బురుజు మలుపు తిరిగాక చూశాను. కోకిల ఉంది. గోడ మిగిలిన చోట రాతిని రెండు చేతులా పట్టుకొని కూర్చుంది. అతను అంచున నిలబడి, రా, భయం లేదు, నేనుండాను గదా అని చెయ్యి చాపుతున్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, నేనయినా లేచి పోయేదాన్ని.

మమ్మల్ని చూసి అతను బెదరలేదు. మామా, వదినా, చెప్పి ఉంటే నేనే పిలుచుకొని వచ్చి ఉంటా గదా అన్నాడు. శివరామయ్యను చూశాక మాత్రం చాపిన చెయ్యి దించాడు.

శివరామయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. నేను ఈ చోటు చూడలేదు నాయనా, అప్పుడు నన్ను పైకి రానియ్యలేదు, అందరికీ చూపిస్తావంట గదా, నాకూ చూపించు అన్నాడు. ఈడ ఒక రాణి కథ చెబుతావంట, అది చెప్పు అన్నాడు.

మనిషి అన్నవాడు అక్కడ ఆగిపోతాడని నేననుకున్నాను. అతను చెప్పాడు. నాకు చెప్పినట్టే, మద్రాసు వాళ్ళకు చెప్పినట్టే, గొంతు తగ్గించాల్సిన చోట తగ్గిస్తూ చెప్పాడు. అప్పుడు రాజు ఏం చేసినాడు అని ఆగాల్సిన చోట ఆగాడు కూడా. నాయన తల తిప్పుకున్నాడు. కోకిల మాత్రం అతన్నే చూస్తోంది. దానికి ఈ కథ అతను ఎప్పుడూ చెప్పలేదు. మీ ఊరు చూపిస్తా అన్న మాట దగ్గర దాని వేళ్ళు రాతిని గట్టిగా పట్టుకున్నాయి. మెట్టెల చప్పుడు దాకా చెప్పి అతను ముగించాడు.

"నా బిడ్డకూ ఇదే మాట చెప్పి పిలిచినావా?" అన్నాడు శివరామయ్య.

"ఆమే అడిగింది మామా. వెంగల్ చూడాలని ఏడ్చింది. చూపించినా."

తానేం అన్నాడో అతనికి తెలియడానికి కొంచెంసేపు పట్టింది. శివరామయ్యకు అంతసేపు పట్టలేదు.

"నువ్వు కింద వాకిలి కాడ ఉండానంటివే."

అతను నవ్వబోయాడు. ఎప్పుడో జరిగింది, గుర్తు సరిగా లేదు, పైకి ఒకసారి వచ్చి మళ్ళీ దిగి పోయి ఉంటాను అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు. కోట మీది గొంతు పోయి ఇంటి గొంతు వచ్చింది. మేం చెవి ఒగ్గలేదు.

కోకిల గోడ పట్టుకొని లేచింది. నా దగ్గరికి రాలేదు. నాయన దగ్గరికీ పోలేదు. శివరామయ్య దగ్గరికి పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. "కిందికి పోదాం పా అయ్యా" అంది.

దారి ఇరుకు. ఒకరి వెనక ఒకరు దిగాలి. రాళ్ళు జారుతాయి, మీరు ముందు నడవండి, వెనక నేను చూసుకుంటా అన్నాడు. మీరే ముందు నడవండి అన్నాను. నన్ను చూశాడు. పెళ్ళిచూపుల్లో కాఫీ అందుకున్నప్పుడు చూసినట్టే చూశాడు. ముందు నడిచాడు. కొండ దిగినంతసేపూ ఆ వీపు మీద నుంచి నేను కళ్ళు తిప్పలేదు.

ఏప్రిల్ 9

శివరామయ్య పోలీసులకు అర్జీ పెట్టాడు. మీరంతా విన్నామంటారు, అల్లుడు అనలేదంటాడు, పడింది చూసిన సాక్ష్యం ఏముంది అన్నారట. కుప్పమ్మను పిలిచి అడిగితే, మోసుకొచ్చింది చూసినా, పడింది చూడలేదు అందట. అది నిజమే కదా.

నాయన ఇప్పుడు పంచాయతీలకు పోవడం మానేశాడు.

మే 17

కోకిల నాతో మాట్లాడదు. అన్నం వడ్డిస్తే తింటుంది. రాత్రి ఉలిక్కిపడి లేస్తే నా చెయ్యి వెతుక్కుంటుంది. తెల్లవారితే మళ్ళీ మౌనం. అతని దగ్గర నేర్చుకుందేమో అని ఒక్కోసారి కోపం వస్తుంది. దాని కాపురం నేను తీశాను. దాని ప్రాణం నిలిపానని నేననుకుంటాను. రెండూ ఒకటే పని కావడం దానికి ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆగస్టు 21

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. తిరుత్తణికి కబురు పంపలేదు.

అక్టోబరు 4

ఎక్స్ఛేంజీలో తంగరాజు అని లైన్‌మ్యాన్ ఉన్నాడు. తిరుత్తణి పోయి వచ్చాడు. స్టూడియోకు కొత్త రంగు వేశారట. ఆదివారాలు కోటకు జనం కార్లలో వస్తున్నారట. చాలా బాగా చెబుతాడక్కా, మా ఇంటామె ఏడ్చేసింది అన్నాడు.

నవంబరు 7

తంగరాజే ఇంకో మాట తెచ్చాడు. దండపాణికి మింజూరులో సంబంధం కుదురుతోందట. పెళ్ళాం కడుపుతో పుట్టింటికి పోయి పురిట్లో పోయిందని వాళ్ళకు చెప్పాడట. పిల్ల చిన్నదట. చాలా భయస్థురాలట, గట్టిగా పిలిచినా ఉలిక్కిపడుతుందట. ఆ మాట తంగరాజు నవ్వుతూ చెప్పాడు.

రేపు ఆదివారం. మింజూరు పోతున్నానని నాయనకు చెప్పాను. ఏమని చెబుతావమ్మా వాళ్ళకు అన్నాడు. ఏమని చెప్పాలో నాకూ తెలియదు. మూడో పెళ్ళికూతురి తండ్రికి మొదటిదాని కథ చెప్పాలి. చెప్పే దాన్ని ఆ మనిషి ఒకప్పుడు చూసి వద్దన్నాడని తెలిస్తే వాళ్ళు తలుపు వేస్తారు. నేనే అయినా వేస్తాను.

నవంబరు 8. ఆదివారం

రైలుకు ఇంకా కొంచెం టైము ఉంది.

తల దువ్వుకుంటుంటే కోకిల వచ్చి గడపలో నిలబడింది. తడి చీరను పిండి భుజాన వేసుకొని ఉంది. ఇన్ని నెలల్లో మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"యాడికి పోతా ఉండావో నాకు తెలుసు. నేనూ వస్తా. నువ్వు చెప్తే వాళ్ళు నమ్మరక్కా."

బిడ్డ చిన్నది, ఎండ, రెండు రైళ్ళు మారాలి అన్నాను.

"బిడ్డను చూపించే చెప్తా. చచ్చిపోయిందని చెప్పినాడు గదా నన్ను, చూడనీ."

ఇప్పుడు లోపల బిడ్డకు కాటుక పెడుతోంది. బిడ్డ ఏడుస్తోంది. కోకిల దానితో ఏదో మాట్లాడుతోంది.